పొగ దెబ్బకు పరిహారం: ఈఎస్‌ఐ మేలా, ఉద్యోగుల పరిహార చట్టం మేలా?

కృష్ణపట్నం రేవు చుట్టూ ఉన్న వంటనూనె కర్మాగారాల్లో, ముత్తుకూరు వైపు థర్మల్ కేంద్రంలో, ఒంగోలు, టంగుటూరు ప్రాంతాల పొగాకు గోదాముల్లో మంటలార్పడానికి దిగేవాళ్లు అందరూ ఒకే యజమాని కింద ఉండరు. సర్కారు ఫైర్ స్టేషన్ సిబ్బంది కొందరు, కంపెనీ సొంత ఫైర్ సిబ్బంది కొందరు, కాంట్రాక్టరు తెచ్చిన కుర్రాళ్లు ఇంకొందరు. లోపల పీల్చింది ఒకే పొగ. ఇంటికొచ్చే పరిహారం మాత్రం ఎవరి దారి వారిది.

ముందుగా ఒక అపోహ తీరాలి. ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా)లో ఉన్నవాళ్లకు రెండింటిలో ఒకటి ఎంచుకునే వీలు లేదు. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉండి, సంస్థ ఈఎస్‌ఐ పరిధిలో ఉంటే పనిలో తగిలిన దెబ్బకు ఈఎస్‌ఐ ఒక్కటే దారి. అదే దెబ్బకు 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం కింద మళ్లీ అడగడానికి లేదు. జీతం ఆ పరిమితి దాటినవాళ్లు, ఈఎస్‌ఐ వర్తించని చోట పనిచేసేవాళ్లు రెండో దారిలోకి వస్తారు. అగ్నిమాపక దళంలో పనిచేసేవాళ్లను ఆ చట్టం రెండో షెడ్యూలు పేరుపెట్టి చేర్చింది. 2025 నవంబర్ 21 నుంచి ఈ రెండు చట్టాలూ సామాజిక భద్రతా స్మృతి 2020లో కలిశాయి. లెక్క కట్టే పద్ధతి ప్రధానంగా పాతదే. ఫారాల నంబర్లు, పరిహారం తేల్చే అధికారి హోదా మాత్రం దరఖాస్తు పెట్టే రోజున కార్మిక శాఖ కార్యాలయంలో కనుక్కోండి.

ఎంచుకునే వీలు లేనప్పుడు పోలిక ఎందుకంటే, ఉద్యోగంలో చేరేటప్పుడే ఇది తెలియాలి. ఈఎస్‌ఐకి ఉద్యోగి కట్టేది జీతంలో 0.75 శాతం, యజమాని కట్టేది 3.25 శాతం. ‘ఈఎస్‌ఐ వద్దులే, ఆ డబ్బు చేతికే ఇస్తాను’ అని కాంట్రాక్టరు అంటే, ఆ కొద్ది డబ్బు కోసం ఏం వదులుకుంటున్నారో ఈ లెక్క చూడండి.

35 ఏళ్ల ఫైర్‌మన్, జీతం 18,000. పొగ వల్ల సంపాదనా సామర్థ్యం 30 శాతం తగ్గిందని తేలింది అనుకుందాం.

పరిహార చట్టం కింద జీతం ఎంత ఉన్నా 15,000 వరకే లెక్కలోకి తీసుకుంటారు. అందులో 60 శాతం 9,000. దాన్ని 35 ఏళ్ల వయసుకు చట్టం ఇచ్చిన గుణకం 197.06తో హెచ్చిస్తే 17,73,540. అందులో 30 శాతం 5,32,062 రూపాయలు, ఒకేసారి. ఈఎస్‌ఐలో అయితే జీతంలో 90 శాతానికి 30 శాతం, అంటే నెలకు సుమారు 4,860, బతికి ఉన్నంతకాలం. తొమ్మిదేళ్లు దాటి కొన్నాళ్లు గడిస్తే ఈఎస్‌ఐ మొత్తం ముందుకు వెళ్తుంది. 35 ఏళ్ల మనిషికి తొమ్మిదేళ్లు ఎంత? ఒకేసారి వచ్చిన డబ్బును బ్యాంకులో 7 శాతం వడ్డీకి వేసినా నెలకు వచ్చేది 3,100. అసలు మిగులుతుందన్న మాట నిజమే, అప్పులు నెత్తిమీద ఉంటే ఆ మొత్తం ఆదుకుంటుంది కూడా. కానీ ఊపిరితిత్తుల జబ్బు ఏళ్ల తరబడి మందులు, ఆవిరి, ఆసుపత్రి అడుగుతుంది. దానికి నెలనెలా వచ్చే డబ్బే మేలని మా అభిప్రాయం. పైగా ఆ అశక్తత వల్లే ఉద్యోగం మానాల్సి వస్తే, ఏడాదికి 120 రూపాయలు కట్టి పదవీ విరమణ వయసు దాకా ఈఎస్‌ఐ వైద్యం కొనసాగించుకోవచ్చు.

మంచం మీద ఉన్న రోజుల్లో తేడా ఇంకా పెద్దది. పరిహార చట్టం పదిహేను రోజులకోసారి జీతంలో 25 శాతం ఇస్తుంది. 15,000 లెక్కన నెలకు 7,500, అదీ అయిదేళ్లకు మించకుండా. ఈఎస్‌ఐ తాత్కాలిక అశక్తత భృతి 90 శాతం, అంటే 16,200, అశక్తత ఉన్నంతకాలం.

ఈఎస్‌ఐలో కొంప ముంచేది ఒక్కటే. డాక్టరు దగ్గరకు వెళ్లి ‘దగ్గు, ఆయాసం’ అని మాత్రమే చెబితే అది మామూలు జబ్బుగా రాసుకుంటారు. అప్పుడు దక్కేది 70 శాతం, ఏడాదిలో 91 రోజులే. ‘ఫలానా తేదీన, ఫలానా గోదాములో, డ్యూటీలో పొగ పీల్చాను’ అని చీటీ మీద రాయించుకోవాలి. యజమాని ప్రమాదాల పుస్తకంలో నమోదు చేశాడా, ఈఎస్‌ఐకి ప్రమాద నివేదిక పంపాడా అని అడిగి, నకలు తీసుకోవాలి.

పరిహార చట్టానికీ బలాలున్నాయి. నిజంగా అయిన ఆసుపత్రి ఖర్చు పూర్తిగా యజమానే తిరిగి ఇవ్వాలి, కాబట్టి ప్రతి బిల్లూ దాచండి. నెలలోపు పరిహారం చెల్లించకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకపోతే 50 శాతం దాకా జరిమానా. కాంట్రాక్టరు చేతులెత్తేస్తే అసలు కంపెనీ మీదే దావా వేయవచ్చు. ఊపిరితిత్తులు షెడ్యూలులో శాతంతో సహా రాసి ఉన్న అవయవం కాదు, శాతం డాక్టరు నిర్ణయించాలి. ఇక్కడ చాలామంది నష్టపోతారు. శరీరం ఎంత దెబ్బతిన్నది వేరు, సంపాదన ఎంత పోయింది వేరు. చెయ్యి పోయిన వడ్రంగి ఇక వడ్రంగం చేయలేడు కాబట్టి అది పూర్తి అశక్తతేనని 1975లో ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఊపిరి 30 శాతం తగ్గిన మనిషి బీఏ సెట్ (సిలిండరు నుంచి గాలి అందించే శ్వాస పరికరం) వేసుకుని మంటలోకి దిగగలడా? ఆ ప్రశ్నకు జవాబు డాక్టరుతో సర్టిఫికెట్‌లోనే రాయించాలి.

యజమాని తరఫు నుంచి వచ్చే మొదటి వాదన ‘బీఏ సెట్ ఇచ్చాం, వాడే పెట్టుకోలేదు’. రక్షణ పరికరాన్ని కావాలని పక్కన పెట్టాడని రుజువైతే పరిహారం పోవచ్చు (మరణానికి, శాశ్వత పూర్తి అశక్తతకు ఈ మినహాయింపు వర్తించదు). అందుకే ఆ రోజు ఎన్ని సెట్లున్నాయి, ఎన్ని సిలిండర్లు నింపి ఉన్నాయి అన్నది ముఖ్యం. 6.8 లీటర్ల సిలిండరును 300 బార్ల దాకా నింపితే సుమారు 2,040 లీటర్ల గాలి. నిమిషానికి 40 లీటర్ల లెక్కన కాగితం మీద 50 నిమిషాలు. బరువులు మోస్తూ ఆయాసపడే మనిషికి అంతసేపు రాదు. మంట ఆరాక కూలింగ్ చేసేటప్పుడు సెట్లు తీసేయడం మామూలు. విషవాయువులు అప్పటికీ వెలువడుతూనే ఉంటాయి.

ఇక దరఖాస్తును ప్రమాదంగా పెట్టాలా, వృత్తి వ్యాధిగానా? రోజు, వేళ చెప్పగలిగిన ఘటన ఉంటే ప్రమాదంగానే పెట్టండి. నిరూపించడం తేలిక. వృత్తి వ్యాధుల జాబితా అయిన మూడో షెడ్యూలులో కార్బన్ మోనాక్సైడ్ వంటి ఊపిరాడనివ్వని వాయువుల జబ్బులు, వృత్తిలో వచ్చే ఉబ్బసం, ఆస్‌బెస్టాస్ వల్ల వచ్చే క్యాన్సర్లు ఉన్నాయి. ‘మంటలార్పేవారి పొగ జబ్బు’ అని విడిగా లేదు. అగ్నిమాపక వృత్తి క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022లో తేల్చినా మన షెడ్యూలులోకి అది రాలేదు. ఇది మారాలి. అప్పటిదాకా ఏళ్ల తరబడి పీల్చిన పొగకు వ్యాధి దారే గతి. అందుకు చేరినప్పటి నుంచి హాజరైన అగ్నిప్రమాదాల చిట్టా, చేరినప్పటి స్పైరోమెట్రీ (ఊపిరితిత్తుల సామర్థ్య పరీక్ష) నివేదిక చేతిలో ఉండాలి. అవి లేకపోతే ‘బీడీలు తాగేవాడు’ అన్న ఒక్క మాటతో కేసు వాలిపోతుంది.

వైద్య రుజువుకు గడియారం చాలా ముఖ్యం. కార్బన్ మోనాక్సైడ్ ఎక్కిన రక్తాన్ని వేలికి పెట్టే ఆక్సీమీటరు మామూలు రక్తంలాగే చూపిస్తుంది. 98 కనబడిందని పంపేస్తే రికార్డు మొదటి రోజే చెడిపోయినట్టు. రక్తంలో ఆ వాయువు ఎంతుందో చెప్పే కార్బాక్సీహీమోగ్లోబిన్ పరీక్ష అడగండి. మామూలు గాలిలో నాలుగైదు గంటలకే ఆ వాయువు సగానికి పడిపోతుంది, ఆక్సిజన్ మాస్కు పెడితే గంటన్నర లోపే. ఆక్సిజన్ ఆపమని కాదు, రక్తం తీసిన వేళ, ఆక్సిజన్ మొదలుపెట్టిన వేళ రెండూ కేసుషీటులో ఉండాలి. కొందరికి ఊపిరితిత్తుల్లో నీరు ఒకటి రెండు రోజుల తర్వాత చేరుతుంది, కాబట్టి డిశ్చార్జి చీటీతో కథ అయిపోయిందనుకోవద్దు.

సర్కారు ఫైర్ స్టేషన్లలోని శాశ్వత ఉద్యోగులకు ఈఎస్‌ఐ లేదు. వాళ్లకు ఈహెచ్‌ఎస్ (ఉద్యోగుల ఆరోగ్య పథకం) వైద్యం, ప్రభుత్వోద్యోగుల నిబంధనలైన ఫండమెంటల్ రూల్స్ 83, 83-ఎ కింద ప్రత్యేక అశక్తత సెలవు ఉన్నాయి. గరిష్ఠం 24 నెలలు. జబ్బు ఘటన జరిగిన మూడు నెలల్లోపు బయటపడాలన్నది అందులోని చిక్కు. ఆ తర్వాత బయటపడితే ప్రభుత్వం ప్రత్యేకంగా ఒప్పుకోవాలి. అందుకే ప్రతి పెద్ద మంట తర్వాతా తేడా అనిపించకపోయినా స్టేషన్ అధికారికి రాతపూర్వకంగా తెలియజేయడం మంచిది.

ఎన్టీఆర్ వైద్య సేవ (పాత పేరు ఆరోగ్యశ్రీ) చికిత్సకు పనికొస్తుంది, పోయిన జీతానికి కాదు. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా అశక్తత కింద కళ్లు, చేతులు, కాళ్లనే చూస్తుంది. ఊపిరితిత్తుల ఊసు అందులో లేదు.

కంపెనీ లక్షో రెండు లక్షలో చేతిలో పెట్టి తెల్లకాగితం మీద సంతకం అడిగితే పెట్టకండి. పరిహార హక్కు వదులుకుంటున్నట్టు రాసుకున్న ఒప్పందం చెల్లదు. రాజీ ఏదైనా అధికారి ముందు నమోదు కావాలి. మరణం సంభవిస్తే డబ్బు అధికారి దగ్గరే జమ చేయాలి. దరఖాస్తుకు గడువు రెండేళ్లు, తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించవచ్చు. చెన్నైలోనో హైదరాబాదులోనో డ్యూటీలో పొగ పీల్చి కావలికో కందుకూరుకో తిరిగొచ్చినవాళ్లు అక్కడికి తిరగక్కర్లేదు. తాము నివసించే జిల్లా అధికారి దగ్గరే దరఖాస్తు వేయవచ్చు.