గూగుల్ లెన్స్, టిన్‌ఐ, తెలుగు ఫ్యాక్ట్‌చెక్ సైట్లు: నల్లగొండ వాట్సాప్ గ్రూపులకు ఏది ఎంత పనికొస్తుంది?

నాగార్జునసాగర్ గేట్లు ఎత్తారన్న కబురు టీవీలో వచ్చిందంటే చాలు, నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ వాట్సాప్ గ్రూపుల్లో నీళ్ల ఫోటోలు వరుసగా దిగుతాయి. వాటిలో సాగర్‌వి కొన్ని, శ్రీశైలానివి కొన్ని, ఏ దేశానివో తెలియనివి ఇంకొన్ని. సాగర్‌వే అయినా ఈ ఏటివో ఎప్పటివో చెప్పలేనివి మరికొన్ని. ఇటువంటి ఫోటోల గుట్టు విప్పడానికి ఉచితంగా దొరికే సేవలను మా గ్రూపులకు వచ్చే సరుకు మీదనే వాడి చూసి, ఏది ఎక్కడ పనికొస్తుందో ఈ సమీక్షలో రాస్తున్నాను. ఒక మాట ముందుగానే చెప్పాలి. ఈ సేవలు ఒక ఫోటో ఇంతకు ముందు ఎక్కడెక్కడ కనబడిందో చెబుతాయి. దాని కింద రాసిన మాట నిజమా కాదా అన్నది చెప్పవు. ఆ తేడా తెలిసి వాడేవారికి ఇవి మంచి పనిముట్లు.

చాలామంది ఫోన్లలో ముందే ఉండేది గనుక గూగుల్ లెన్స్‌తో మొదలుపెడతాను. ఫోటో పెట్టి వెతికే సదుపాయాన్ని గూగుల్ 2011లోనే ఇచ్చింది. 2017లో ప్రకటించిన లెన్స్ క్రమంగా దాని స్థానంలోకి వచ్చింది. వాట్సాప్‌లో వచ్చిన ఫోటోను గ్యాలరీలో దాచి, గూగుల్ యాప్‌లో కెమెరా గుర్తును నొక్కి, ఆ ఫోటోను ఎంచుకుంటే పని అయిపోతుంది. కంప్యూటర్ అక్కరలేదు, ఇంగ్లీషు టైపు చేయనక్కరలేదు. అయితే ఫలితాల్లో మొదట కనబడేవి చాలాసార్లు అదే ఫోటో కాదు, దాన్ని పోలిన ఫోటోలు. తెల్లటి నురగ, వరుసగా స్తంభాలు ఉన్న డ్యాములన్నీ అక్కడికి వచ్చి కూర్చుంటాయి. కనుక అచ్చంగా అదే ఫోటో ఉన్న పేజీలను చూపే విభాగంలోకి వెళ్లి, ఒక్కొక్క పేజీ తెరిచి తేదీ చూసుకోవాలి. ఈ ఆగస్టుదని తిరుగుతున్న ఫోటో మూడేళ్ల కిందటి వార్తలో కనబడితే ఇక వాదన లేదు. ఎక్కడా కనబడకపోతే మాత్రం అది కొత్తదని తేలినట్టు కాదు. గూగుల్ కంట పడలేదని మాత్రమే తేలినట్టు. ఒక గ్రూపులో పుట్టి గ్రూపుల మధ్యే తిరిగే ఫోటోలు బయటి వెబ్‌లో ఉండనే ఉండవు.

లెన్స్‌కు ఇంకొక మంచి గుణం ఉంది, దాన్ని వాడేవారు తక్కువ. ఫోటోలోని బోర్డుల మీద రాతను అది చదివి, తెలుగులోకి మార్చి చూపగలదు. నీట మునిగిన బస్టాండు మనదేనని చెప్పే ఫోటోలో దుకాణం బోర్డు ఏ భాషలో ఉందో తేలితే, ఊరు కాకపోయినా దేశమో రాష్ట్రమో తేలుతుంది. బోర్డు కనబడకపోతే బండ్ల నంబర్లు చూడవచ్చు. 2024 మార్చి నుంచి తెలంగాణలో కొత్త బండ్లకు టీఎస్‌కు బదులు టీజీ వస్తున్నది కాబట్టి, 2020 నాటిదని చెప్పే ఫోటోలో టీజీ ప్లేటు ఉంటే ఆ తేదీ అబద్ధం. అక్షరాల తరువాత 05 ఉంటే నల్లగొండ, 06 ఉంటే మహబూబ్‌నగర్ రిజిస్ట్రేషన్.

డ్యాముల ఫోటోలకైతే లెన్స్ కన్నా లెక్కపెట్టడమే త్వరగా తేలుస్తుంది. సాగర్‌కు 26 క్రెస్టు గేట్లు, శ్రీశైలానికి 12. గేట్ల వరుస మొత్తం కనబడే ఫోటో అయితే, సాగర్ పేరుతో వచ్చినదాంట్లో పన్నెండే ఉంటే అది శ్రీశైలం కావచ్చు, ముప్ఫై దాటితే ఈ రెండూ కావు. ఎత్తిన గేట్లను కాదు, ఉన్న గేట్లను లెక్కించాలి. సాగర్ కట్ట మీద ఒకసారైనా నడిచినవారికి ఇది చేతిలో పని. ఏ యాపూ మనకన్నా ముందు చెప్పలేదు.

టిన్‌ఐ కెనడాలోని టొరంటోకు చెందిన ఐడే అనే సంస్థ 2008 నుంచి నడుపుతున్న సేవ. ఇది ఫోటోలో ఏముందో గుర్తించదు. ప్రతి ఫోటోకూ ఒక వేలిముద్ర వంటిది తయారుచేసుకుని, అదే ముద్ర ఉన్న ప్రతులను, కొంత కత్తిరించినా కుదించినా, వెతికి పెడుతుంది. పోలికల గోల ఉండదు. అన్నిటికన్నా విలువైనది, ఫలితాలను పాతవాటి నుంచి మొదలుపెట్టి వరుసగా చూపమని అడగగలగడం. ఆ మీట లెన్స్‌లో లేదు. లోపమేమంటే దాని గిడ్డంగిలో విదేశీ పేజీలు దండిగా, తెలుగు పేజీలు తక్కువగా ఉంటాయి. ప్రపంచమంతా తిరిగి వచ్చిన ఫోటోకు టిన్‌ఐ, మన దగ్గర పుట్టిన ఫోటోకు లెన్స్ అని నేను పంచుకున్నాను. ఫోటోను అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు తిప్పేసినప్పుడు ఇటువంటి సేవలు తడబడటం మామూలే. గ్యాలరీలోనే దాన్ని మళ్లీ తిప్పి వెతికితే కొన్నిసార్లు దొరుకుతుంది.

కోతలకు, అతుకులకు గురైనవే బూటకాలనుకోవడం పొరపాటు. ప్రతి దీపావళికీ అంతరిక్షం నుంచి భారతదేశం అంటూ వచ్చే రంగుల చిత్రం అసలైన శాస్త్రచిత్రమే. అమెరికా వాతావరణ ఉపగ్రహాల సమాచారంతో 2003లో తయారైన ఆ పటంలో రంగులు 1992కు ముందు, 1992లో, 1998లో, 2003లో ఎక్కడెక్కడ కొత్త దీపాలు వచ్చాయో చూపుతాయి; దీపావళితో దానికి సంబంధం లేదని నాసా 2012లోనే వివరించింది. పెద్ద కార్యాలయాలూ దీనికి అతీతం కావు. కేంద్ర హోం శాఖ 2016-17 వార్షిక నివేదికలో మన సరిహద్దు ఫ్లడ్‌లైట్లంటూ అచ్చయిన ఫోటో స్పెయిన్, మొరాకోల సరిహద్దుదని 2017 జూన్‌లో ఆల్ట్ న్యూస్ అనే ఫ్యాక్ట్‌చెక్ సైటు బయటపెట్టింది. ఈ రెండు ఫోటోలలోనూ ఒక్క చుక్క మార్చలేదు. మారినది కింద రాసిన మాట, అందుకే ఫోటో మూలం దొరికాక ఆగిపోకుండా ఆ మూలంలో కింద ఏం రాశారో చదవాలి.

మా ప్రాంతానికి ఈ విషయం సరదా కాదు. 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న ఫార్వర్డులు ఊళ్లలో ఎంత భయం పుట్టించాయో, ముక్కూమొఖం తెలియని మనుషులు ఎలా దెబ్బలు తిన్నారో మరిచిపోలేదు. అప్పుడు దేశమంతా తిరిగిన వీడియో కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచారచిత్రం. ఎత్తుకుపోయిన పిల్లవాణ్ని తిరిగి దింపి, హెచ్చరిక బోర్డు చూపే చివరి భాగాన్ని కత్తిరించి వదిలారు. దానితోపాటు తిరిగిన పసివాళ్ల శవాల ఫోటో 2013 నాటి సిరియా రసాయన దాడిది. అప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఊరూరికీ పోలీసులను పంపి, జానపద కళాకారుల పాటలతో ఆ పుకార్లను ఎదుర్కొన్నారు. వాట్సాప్ కూడా ఆ జులైలోనే మన దేశంలో ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. వీడియోను లెన్స్ నేరుగా తీసుకోదు గనుక, ముఖ్యమైన చోట ఆపి స్క్రీన్‌షాట్ తీసి వెతకాలి. కంప్యూటర్ ఉన్నవారికి ఇన్‌విడ్ అనే ఉచిత ఉపకరణం బ్రౌజర్‌లో చేరి ఆ పని తానే చేసి పెడుతుంది. ఓపిక ఉన్న విలేకరులకు బాగుంటుంది, ఫోన్ మాత్రమే ఉన్న మనిషికి అక్కరకు రాదు.

అనుమానం అలవాటైతే నిజాలను కూడా కొట్టిపారేసే ప్రమాదం ఉంది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి ఆసుపత్రిలో రోగికి పెట్టినట్టు సెలైన్ సీసాలు వేలాడదీసిన ఫోటో 2018 ఏప్రిల్‌లో వచ్చినప్పుడు, చూడగానే అతుకుల బొమ్మేనని అనిపించిన మాట నిజం. కానీ అది నిజమైన ఫోటో. చెదలు పట్టిన ఆ మర్రికి అటవీశాఖ పురుగుమందును చుక్కచుక్కగా ఎక్కించింది. ఇటువంటి చోట లెన్స్ తన విలువ చూపిస్తుంది. వేర్వేరు పత్రికలు వేర్వేరు కోణాల్లో తీసిన ఫోటోలు కనబడితే, ఒకరు కూర్చుని చేసిన బొమ్మ కాదని తేలిపోతుంది.

ఇక వ్యంగ్య వార్తల దగ్గర ఈ పనిముట్లన్నీ చేతులెత్తేస్తాయి, చిత్రమేమంటే ఒక్కొక్కసారి తప్పుదారి కూడా పట్టిస్తాయి. వ్యంగ్య కథనాన్ని నిజమని నమ్మి నాలుగు సైట్లు ఎత్తి వేసుకుంటే, వెతికినవారికి నాలుగు చోట్ల అదే వార్త కనబడి మరింత నమ్మకం కలుగుతుంది. అమెరికాలో 1988లో మొదలైన ది ఆనియన్ అనే వ్యంగ్య పత్రిక 2012లో ఉత్తర కొరియా అధినేత కిమ్ జోంగ్ ఉన్‌ను ఆ ఏటి అందగాడిగా ఎంపిక చేసినట్టు రాస్తే, చైనాలోని పీపుల్స్ డైలీ ఆన్‌లైన్ దాన్ని నిజమనుకుని 55 ఫోటోలతో ప్రచురించింది. ఇరాన్ వార్తాసంస్థ ఫార్స్ కూడా అదే ఏడాది ఇంకొక ఆనియన్ కథనాన్ని అలాగే మింగింది. వార్తాసంస్థలే బోల్తా పడ్డప్పుడు కిరాణా దుకాణంలో కూర్చుని ఫోన్ చూసే మనిషిని తప్పు పట్టలేము. మన దేశంలో 2008లో మొదలైన ఫేకింగ్ న్యూస్ తన సంగతి పేరులోనే చెప్పుకుంది, తెలుగు మీమ్ పేజీలు కొన్ని తమ పరిచయంలో సరదా కోసమని రాసుకుంటాయి. కానీ ఎవరో శీర్షికను మాత్రం స్క్రీన్‌షాట్ తీసి పంపగానే ఆ పేరూ పోతుంది, పరిచయమూ పోతుంది. మిగిలేది వార్తలాంటి వార్త. అందుకే శీర్షికలోని మాటలను వెతుకుడు పెట్టెలో కొట్టి, మొదట ప్రచురించిన పేజీని తెరిచి, అదే పేజీలో పక్కనున్న శీర్షికలు చదవడం కన్నా మంచి పరీక్ష నాకు దొరకలేదు. పక్కన కూడా వింతలే ఉంటే సంగతి అర్థమైపోతుంది. తేదీ ఏప్రిల్ ఒకటి అయితే ఇంకొంచెం ఆగాలి. 1957లో ఆ రోజున బీబీసీ స్విట్జర్లాండ్‌లో చెట్ల నుంచి స్పఘెట్టీ (పిండితో చేసే సేమ్యా వంటి తిండి) కోస్తున్నట్టు చూపితే ఆ మొక్క ఎలా పెంచాలని అడిగిన ప్రేక్షకులున్నారు.

తెలుగులో ఫ్యాక్ట్‌చెక్ సేవలు అనుకున్నదానికన్నా బాగున్నాయి. హైదరాబాదు నుంచి నడిచే ఫ్యాక్ట్‌లీ తెలుగు కథనాల్లో ప్రచారంలో ఉన్న మాటను, అసలు విషయాన్ని విడివిడిగా పెట్టి, ఆధారాల లింకులు ఇస్తుంది. శైలి పొడిగా, ఒకే మూసలో ఉంటుంది, కానీ అది దిద్దుకోదగిన లోపమే. న్యూస్‌మీటర్, విశ్వాస్ న్యూస్ కూడా తెలుగులో రాస్తాయి. ఒక్కొక్క సైటుకూ వెళ్లే ఓపిక లేనివారు గూగుల్ వారి ఫ్యాక్ట్ చెక్ ఎక్స్‌ప్లోరర్‌లో తెలుగు మాటలే కొట్టి అన్ని సంస్థల తీర్పులనూ ఒకేచోట చూడవచ్చు. వీటన్నిటికీ ఉన్న హద్దు ఒకటే: రాష్ట్రమంతా తిరిగిన అబద్ధానికి సమాధానం దొరుకుతుంది, చండూరు మండలంలో మాత్రమే తిరిగినదానికి దొరకదు. కేంద్ర ప్రభుత్వ పత్రికా సమాచార కార్యాలయం (పీఐబీ) వారి ఫ్యాక్ట్‌చెక్ 2019 నుంచి ఉంది, రాష్ట్ర ప్రభుత్వానికీ అటువంటి వెబ్‌సైటు ఉంది. ఫలానా పథకం, ఫలానా ఉత్తర్వు నిజంగా వచ్చాయా అని తెలుసుకోవడానికి వీటిని వాడతాను. ప్రభుత్వం మీద విమర్శ నిజమా కాదా అన్నదానికి ప్రభుత్వమే న్యాయమూర్తి కావడం నాకు మింగుడుపడదు. తన గురించిన వార్తల్లో ఏది అబద్ధమో తన ఫ్యాక్ట్‌చెక్ విభాగమే తేల్చేలా కేంద్రం ఐటీ నిబంధనల్లో తెచ్చిన సవరణను బొంబాయి హైకోర్టు 2024 సెప్టెంబరులో కొట్టివేసింది కూడా.

పత్రిక క్లిప్పింగుల రూపంలో వచ్చే నకిలీలకు యాపుల కన్నా ఆ తేదీ ఈ-పేపరే మందు. జిల్లా ఎడిషన్ తెరిచి ఆ వార్త లేకపోతే చాలు. వే2న్యూస్ కార్డులను అనుకరించి ఎన్నికల వేళ తిరిగే నకిలీల్లో, కార్డు మీద కనబడే లింకును టైపు చేసి చూస్తే మరేదో వార్త తెరుచుకోవడం తరచుగా జరుగుతుంది. కృత్రిమ మేధతో చేసిన చిత్రాలకు ఇంత సులువైన పరీక్ష లేదు. గూగుల్ డీప్‌మైండ్ 2023లో తెచ్చిన, కంటికి కనబడని సింథ్‌ఐడీ ముద్ర ఆ ముద్ర వేసే పనిముట్లతో చేసిన బొమ్మలనే పట్టిస్తుంది. వేళ్లు లెక్కపెట్టమన్న పాత సలహాకు కాలం చెల్లింది. వెనకనున్న బోర్డు మీద తెలుగు అక్షరాలు చదవడానికి వస్తున్నాయా అని చూడటం ఇప్పటికీ కొంత పనిచేస్తున్నది. ఫోటోలో దాగిన తేదీ, స్థలం వివరాలు చూడమని కొందరు చెబుతారు కానీ, వాట్సాప్ మామూలుగా పంపిన ఫోటో నుంచి వాటిని తీసేస్తుంది.

ఒక జాగ్రత్త. ఇంట్లోవాళ్ల ఫోటోను ఎవరైనా మార్ఫింగ్ చేశారన్న అనుమానం వస్తే దాన్ని ఏ వెతుకుడు సేవలోనూ పెట్టవద్దు. తెలంగాణలో షీ టీమ్స్‌కు నేరుగా ఫిర్యాదు చేయవచ్చు. అంతర్జాలంలో స్టాప్‌ఎన్‌సీఐఐ అనే సేవ పద్ధెనిమిదేళ్లు నిండినవారి కోసం ఉంది. అది ఫోటోను తీసుకోకుండా మన ఫోన్‌లోనే దాని సంకేతసంఖ్యను తయారుచేసి, ఒప్పందంలో ఉన్న సామాజిక మాధ్యమాలకు ఆ సంఖ్యను మాత్రమే పంపుతుంది.