డ్రైజె, లోరెంట్స్: కోనిగ్రాట్స్‌లో రెండు తుపాకులు

1866 జులై 3న, ఇప్పటి చెక్ దేశంలోని కోనిగ్రాట్స్ దగ్గర ప్రష్యా (అప్పటి ఒక జర్మన్ రాజ్యం), ఆస్ట్రియా సైన్యాలు తలపడ్డాయి. ప్రష్యా సైనికుల చేతిలో ఉన్నది డ్రైజె సూది తుపాకీ. ఆస్ట్రియా వాళ్లది లోరెంట్స్ రైఫిల్.

దూరం, గురి చూస్తే లోరెంట్స్‌దే పైచేయి. కానీ దాన్ని నింపడం పెద్ద తతంగం. కాగితపు పొట్లం చింపి, గొట్టం మూతిలో మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించి, చివర్లో మందుకు నిప్పంటించే చిన్న క్యాప్ పెట్టాలి. దాదాపు నిలబడే చేయాలి. ఎదురుగా శత్రువు కాలుస్తుంటే ఎంత టెన్షనో!

డ్రైజెకి ఈ గొడవ లేదు. వెనక బోల్ట్ (గొట్టాన్ని మూసే గడియ) తెరిచి తూటా పెట్టి మూసేస్తే చాలు. ట్రిగ్గర్ నొక్కగానే పొడవాటి సూది కాగితాన్ని, మందును గుచ్చుకుంటూ వెళ్లి గుండు అడుగున ఉన్న పేలుడు పదార్థానికి తగులుతుంది. నేల మీద పడుకునే నింపుకోవచ్చు. అవతలివాడు ఒకసారి కాల్చేలోపు ఇక్కడ మూడు నాలుగు సార్లు పేలుతుంది. లోపాలూ ఉన్నాయి: సూదులు విరిగేవి, వేడి గ్యాస్ వెనక్కి చిమ్మేది.

ఆ యుద్ధరంగంలోని స్వీబ్ అడవిలో తేడా బయటపడింది. ఆస్ట్రియా దళాలు బాయ్‌నెట్లతో గుంపుగా దూసుకెళ్లి, దగ్గరి కాల్పులకు కుప్పకూలాయి. దూరం కాల్చగల రైఫిల్ ఉండి కూడా మీదపడటమే పద్ధతిగా పెట్టుకోవడం, నా దృష్టిలో, అసలు తప్పు. అయితే ప్రష్యా గెలుపంతా సూది తుపాకీదే అనలేం. ఫిరంగుల్లో ఆస్ట్రియాదే పైచేయి. మధ్యాహ్నం తమ యువరాజు సైన్యం సాయంగా వచ్చి పడేదాకా ప్రష్యాకూ ఊపిరాడలేదు.