కింగ్‌స్టన్‌లో ఐస్ హాకీ మ్యాచ్, రెండ్రోజుల ట్రిప్

మా చిన్నాన్న కొడుకు కెనడాలో కింగ్‌స్టన్‌లోని క్వీన్స్ యూనివర్సిటీలో చదువుతున్నాడు, రమ్మని ఏడాదిగా పోరు పెడుతుంటే జనవరిలో కుదిరింది. టొరంటో నుంచి 401 హైవే మీద 260 కిలోమీటర్లు. రైలుంది కానీ స్టేషన్ డౌన్‌టౌన్‌కి దూరం, పిల్లలతో అయితే కారే నయం.

మ్యాచ్ జరిగే ఎరీనా పేరు స్లష్ పప్పీ ప్లేస్, ఓ ఐస్ డ్రింక్ పేరది, మావాడు చెప్తే జోకేమో అనుకున్నా. 2008లో తెరిచినప్పుడు కె-రాక్ సెంటర్, తర్వాత లియాన్స్ సెంటర్, ఇప్పుడిది. కచేరీలూ ఇక్కడే. ట్రాజికల్లీ హిప్ అనే రాక్ బ్యాండ్ ఈ ఊరిదే, ఎరీనా ముందు రోడ్డుకి వాళ్ల పేరే పెట్టారు. సింగర్ గోర్డ్ డౌనీ బ్రెయిన్ క్యాన్సర్‌తో ఉండి కూడా 2016 ఆగస్టు 20న చివరి షో ఇక్కడే పాడాడు, దేశమంతా టీవీలో లైవ్ చూసింది.

ఊరి టీమ్ ఫ్రంటెనాక్స్, జూనియర్ లీగ్, మీసాలు కూడా సరిగ్గా రాని పదహారు నుంచి ఇరవై ఏళ్ల కుర్రాళ్లు. టొరంటోలో అక్కడి పెద్ద ప్రొఫెషనల్ టీమ్ లీఫ్స్ మ్యాచ్‌కి పైన ఎక్కడో కూర్చుని స్క్రీన్ చూసి వచ్చా ఒకసారి, ఇక్కడ ఐదు వేల పైచిలుకు సీట్లే కాబట్టి స్కేట్లు ఐస్‌ని గీరే చప్పుడు కూడా వినపడుద్ది. మొదటి పావుగంట పక్ (బంతి బదులు వాడే చిన్న రబ్బరు బిళ్ల) ఎక్కడుందో నాకు అర్థమైతే ఒట్టు. "అన్నా, పక్ కోసం వెతక్కు, ప్లేయర్లు ఎటు తిరుగుతున్నారో చూడు" అన్నాడు మావాడు, అప్పట్నుంచి దార్లో పడ్డా. ఇద్దరు గుద్దుకుని మా ముందు గ్లాస్‌కి ధడేల్‌మని తగిలేసరికి మా ఆవిడ పాప్‌కార్న్ సగం ముందు సీటాయన టోపీలో పడింది, పాపం ఆయన ఒకటి తీసుకుని నోట్లో వేసుకున్నాడు.

మా పాపకి మాత్రం మ్యాచ్ కంటే బ్రేక్‌లో ఐస్ నున్నగా చేసే జాంబోనీ బండే నచ్చింది. లోపల చలే, స్వెటర్ తీయొద్దు.

రూమ్ దగ్గరే తప్పు చేశా. చవకని హైవే పక్కన మోటెల్ తీసుకున్నా, హీటర్ రాత్రంతా పాత లారీలా మోత, వేడి మాత్రం లేదు, ఫోన్ చేస్తే ఇంకో దుప్పటి ఇచ్చి పోయారు. కాస్త ఎక్కువైనా డౌన్‌టౌన్‌లోనే తీసుకోండి, మ్యాచ్ అయ్యాక నడిచి పోవచ్చు, పార్కింగ్ గొడవ ఉండదు.

పొద్దున సిటీ హాల్ వెనక స్కేటింగ్ రింక్‌కి వెళ్లాం. మావాడు నేర్పిస్తానని నా చెయ్యి పట్టుకుని ముందు వాడే పడ్డాడు.