ద్రవ్యనిత్యత్వ ప్రయోగాలకు 500 గ్రా. పాకెట్ డిజిటల్ త్రాసు: చాన్నాళ్లు వాడాక సమీక్ష

పనికొస్తుంది, కానీ 200 గ్రాములది మాత్రం కొనొద్దు. 250 మి.లీ. గాజు శాంకవ కుప్పె ఒక్కటే దాదాపు వంద గ్రాములుంటుంది. అందులో 100 మి.లీ. ద్రావణం, రబ్బరు బిరడా, లోపల దారంతో వేలాడే పరీక్షనాళిక చేరితే తెర మీద అంకె బదులు ఎర్రర్ వస్తుంది. పాత్ర బరువును సున్నా చేసే 'టేర్' మీట నొక్కితే సామర్థ్యం పెరగదు, కుప్పె బరువు అందులోంచే పోతుంది. 500 గ్రాముల వరకు తూచి, 0.01 గ్రా. తేడా చూపించేది తీసుకోండి.

తొమ్మిదో తరగతి లెడ్ నైట్రేట్, పొటాషియం అయోడైడ్ ప్రయోగాన్ని స్ప్రింగ్ త్రాసుతో చేస్తే వచ్చే చిక్కు వేరు. మామూలు స్కూలు త్రాసులో ఒక్కో గీత 5 లేదా 10 గ్రాములు. వాయువు వచ్చే చర్యలో అర గ్రాము పారిపోయినా ముల్లు కదలదు కాబట్టి, మూత లేకుండా చేసినా ద్రవ్యనిత్యత్వ నియమం (చర్యకు ముందు, తర్వాత మొత్తం ద్రవ్యరాశి ఒకటే) 'రుజువైపోతుంది'. డిజిటల్ త్రాసు మీద అలా కుదరదు. పసుపు అవక్షేపం వచ్చాక కూడా అంకె 0.01, 0.02 తేడాలోనే నిలవాలి. నిలవకపోతే ముందు కుప్పె బయటి తడి చూడండి: ఒక్క నీటిబొట్టు 0.05 గ్రా. ఉంటుంది. సీసం లవణాలు విషం, సింకులో పారబోయకుండా సీసాలో పోగు చేయాలి. కాల్షియం క్లోరైడ్, చాకలి సోడా ద్రావణాలు కలిపినా తెల్లటి అవక్షేపం వస్తుంది, ఆ బెడద లేదు.

ఈ త్రాసు అసలు సత్తా వంటసోడా, వెనిగర్‌తో తెలుస్తుంది. 1 గ్రా. సోడాకు 5% వెనిగర్ 15 మి.లీ. సరిపోతుంది, 25 పోస్తే నిశ్చింత. లెక్క ప్రకారం 0.52 గ్రా. కార్బన్ డయాక్సైడ్ రావాలి. మూత లేని కుప్పెలో మాత్రం 0.3, 0.4 మధ్యే తగ్గుతుంది. ఆ వాయువు గాలికంటే బరువు గనక కొంత కుప్పెలోనే కూర్చుంటుంది, కొంత ద్రవంలో కరుగుతుంది.

వీడియోల్లో అందరూ చూపించే బెలూన్ పద్ధతి మానేయడమే మేలు. మూతికి బెలూన్ బిగించి, చుక్క వాయువు బయటికి పోకుండా చేసినా అంకె దాదాపు 0.3 గ్రా. తగ్గుతుంది! త్రాసు తప్పేం లేదు. ఉబ్బిన బెలూన్ పావు లీటరుకు పైగా గాలిని పక్కకు నెడుతుంది, అంత గాలి బరువు మేరకు ఉత్ప్లవన బలం పైకి నెడుతుంది. ద్రవ్యరాశి పోలేదు, తూకం తగ్గింది. ఇది విడమరచి చెప్పకపోతే పిల్లలు నియమమే తప్పనుకుంటారు.

ఉబ్బని పాత్ర కావాలి. లీటరు కూల్‌డ్రింక్ సీసా (పలచటి నీళ్ల సీసా వద్దు) తీసుకుని వెనిగర్ పోసి, సోడా ఉన్న చిన్న పరీక్షనాళికను లోపల నిలబెట్టండి. మూత గట్టిగా బిగించి తూచి, ఆ తర్వాతే వంచండి. మొత్తం 2 గ్రా. సోడా దాటొద్దు. నురగ తగ్గాక తూస్తే అదే అంకె. మూత తిప్పగానే బుస్సుమని 0.3 గ్రాములకు పైగా పడిపోతుంది. తరగతి గదిలో దీన్ని మించిన రుజువు లేదు.

అప్పుడే బోర్డు మీద పరమాణువులు లెక్కపెట్టించాలి: ఇటు సోడియం 1, కార్బన్ 3, హైడ్రోజన్ 5, ఆక్సిజన్ 5, అటూ అంతే. అణుభారాలూ సరిపోతాయి: సోడా 84 + వెనిగర్‌లోని ఆమ్లం 60 = సోడియం అసిటేట్ 82 + నీరు 18 + కార్బన్ డయాక్సైడ్ 44. చర్యలో కదిలేవి బయటి ఎలక్ట్రాన్లే. ద్రవ్యరాశంతా దాదాపుగా కేంద్రకంలో ఉంది, దాన్ని వెనిగర్ ముట్టుకోలేదు. ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి ప్రోటాన్‌లో 1/1836 వంతే.

ఇక లోపాలు. ఫ్యాన్ తిరుగుతుంటే చివరి అంకె నిలవదు. వేడి కుప్పె పెడితే పైకి లేచే గాలి వల్ల తక్కువ చూపుతుంది, చల్లారనివ్వాలి. ఒకటి రెండు నిమిషాలకు తనంతట తానే ఆగిపోతుంది, టేర్ పోతుంది. అందుకే ప్రతి అంకె కాగితం మీద రాసుకోవాలి. పొడిని పలుకు పలుకుగా వేస్తే కొన్నిసార్లు పట్టించుకోదు, పాత్ర ఎత్తి మళ్లీ పెడితే సరైన అంకె వస్తుంది. 100 గ్రా. తూనికరాయి విడిగా కొని అప్పుడప్పుడు 'క్యాల్' చేయాలి, అంటే దానితో త్రాసు అంకె సరిచేయాలి. అది చేతిలో లేనప్పుడు 2011–2018 మధ్య ముద్రించిన, అరగని 5 రూపాయల ఇత్తడి రంగు బిళ్ల పెట్టి చూడొచ్చు, 6 గ్రా. ఉండాలి. పళ్లెం అంచు సందులోంచి వెనిగర్ లోపలికి దిగితే మాత్రం త్రాసు మీద ఆశ వదులుకోవాల్సిందే. కుప్పె కింద ప్లాస్టిక్ మూత ఒకటి పెట్టుకోండి.