హంటర్ రోడ్డు గ్యారేజీ, జాగ్వార్ ముచ్చట

మా బావ జాగ్వార్ ఎక్స్‌ఎఫ్‌ కారుకి ఆయిల్ మార్పించాలంటే ఇన్నాళ్లూ హైదరాబాద్ దాకా పోయేవాళ్లం, ఈసారి హన్మకొండ హంటర్ రోడ్డులోని చిన్న గ్యారేజీలోనే అయిపోయింది. మెకానిక్ పాత ఫిల్టర్ కోసి, మడతల్లో ఇనుప రజను ఉందేమో టార్చ్ వేసి మరీ చూపించాడు. అంత ఓపిక నేనెక్కడా చూడలేదు. కూర్చోడానికి మాత్రం ఒక్కటే బెంచీ. చాయ్ తాగుతూ అందరిదీ ఒకటే ముచ్చట: 2008లో ఫోర్డ్ దగ్గర్నుంచి టాటా వాళ్లు కొన్న ఈ కంపెనీ పూర్తిగా ఎలక్ట్రిక్‌కి మారుతోంది కదా, 2024 డిసెంబర్‌లో మయామీలో చూపించిన టైప్ 00 కాన్సెప్ట్ (నమూనా కారు) బాటలో వచ్చే కారుతో నిలదొక్కుకుంటుందా అని. ఆ పొడవాటి బానెట్ నాకైతే తెగ నచ్చింది, వెనక కిటికీ అద్దం లేకపోవడమే మింగుడుపడట్లేదు. నిలబడాలి, మనసారా కోరుకుంటున్నా. ఇక బిల్లు సంగతి, ముందు చెప్పిన రేటే తీసుకున్నారు.