నవల కదలాలంటే: దెబ్బ బయటినుంచి పడాలా, మనిషే తెచ్చుకోవాలా?

కొత్తవాళ్లు రాసిన నవలల మొదటి అధ్యాయాల్లో నాకు తరచూ కనిపించే ఇబ్బంది ఒకటుంది. మనుషులు బాగుంటారు, ఊరు కళ్లకు కడుతుంది, సంభాషణలు సహజంగా ఉంటాయి. కానీ యాభై పేజీలు దాటినా ఎవరికీ ఏ అవసరమూ ముంచుకురాదు. కథను బయల్దేరదీసే సంఘటన, స్క్రీన్‌ప్లే పాఠాల్లో ఇన్‌సైటింగ్ ఇన్సిడెంట్ అంటారే, అది ఇంకా జరగలేదన్నమాట. లేదా జరిగింది గానీ, అది ఎవరికి జరిగినా కథ అలాగే నడిచేటట్టు ఉంటుంది. నా లెక్కలో ఈ రెండోదే పెద్ద ఇబ్బంది. ఒకే పాత్రను తీసుకుని కథను మూడు రకాలుగా మొదలుపెట్టి చూస్తే తేడా తెలుస్తుంది.

ఒక చిన్న పట్టణంలో కుట్టుమిషన్ పెట్టుకుని బతికే ఆవిడ. వీధిలోవాళ్లతో చీటీ నడుపుతుంది. ఇరవై మంది, నెలకు 5,000, మొత్తం లక్ష. ప్రతి నెలా పాట పెడతారు, అవసరం ఎక్కువున్నవాళ్లు తగ్గించి పాడుకుని ఎత్తుకుంటారు. రాతకోతల్లేవు, అంతా నమ్మకం మీదే. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం ఇలాంటి చీటీకి ముందుగా అనుమతి కావాలి. ఆవిడకు అది లేదు. ఏదైనా తేడా వస్తే పోలీస్ స్టేషన్‌కు వెళ్లలేదు, వెళ్తే ముందు ఇరుక్కునేది తనే. ఈ ఒక్క వివరం గుర్తుంచుకోండి, తర్వాత చాలా పని చేస్తుంది.

ఇంట్లో దొంగలు పడ్డారు

మొదటి రకం. పాట అయిన రాత్రి బీరువాలో పెట్టిన చీటీ డబ్బు పోయింది. పొద్దున్నే పాడుకున్నవాళ్లు వస్తారు.

దీనికి ఉన్న బలం వేగం. పాఠకుడికి ఆవిడ గురించి ఏమీ తెలియకపోయినా జాలి కలుగుతుంది, మొదటి పేజీలోనే టెన్షన్ మొదలవుతుంది. బయటినుంచి పడే దెబ్బను తక్కువగా చూడలేం. 1915లో వచ్చిన కాఫ్కా 'మెటమార్ఫసిస్'లో గ్రెగర్ సంసా ఒక పొద్దున లేచేసరికి పెద్ద పురుగై ఉంటాడు. ఎందుకయ్యాడో రచయిత చివరిదాకా చెప్పడు. అయినా ఆ కథ నిలబడటానికి కారణం ఉంది. పురుగుగా మారిన మనిషి ముందు కంగారుపడేది రైలు తప్పిపోయిందని, ఉద్యోగం ఏమవుతుందోనని. ఇల్లంతా అతని జీతం మీద ఆధారపడి ఉంది, తండ్రి చేసిన అప్పు తీర్చేదీ అతనే. దెబ్బ ఎక్కడినుంచి వచ్చినా, తగలాల్సిన చోటే తగిలింది.

మన దొంగతనంలో ఆ గుణం లేదు. చదివేవాడికి వెంటనే వచ్చే ప్రశ్న "ఎవరు దొంగిలించారు?" అని. ఇక మీరు ఏం రాసినా అతను ఆ జవాబు కోసమే పేజీలు తిప్పుతాడు. మొదటి సంఘటన ఏ ప్రశ్న లేపుతుందో నవల ఆ ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. మీరు రాయాలనుకున్నది వీధిలో ఆడవాళ్ల మధ్య నమ్మకం గురించైతే, దొంగతనం మిమ్మల్ని డిటెక్టివ్ నవల వైపు లాక్కుపోతుంది. డిటెక్టివ్ నవలే రాయాలనుకుంటే మాత్రం ఇంతకంటే మంచి మొదలు వెతకక్కర్లేదు.

ఆవిడే వాడుకుంది

రెండో రకం. కొడుకు ఇంజినీరింగ్ ఫీజుకు రేపే ఆఖరు తేదీ. ఇంట్లో చీటీ డబ్బు ఉంది. పది రోజుల్లో సర్దేయొచ్చనుకుని కట్టేసింది. పాడుకున్న మనిషికి ఏదో సాకు చెప్పింది.

ఇప్పుడు ప్రశ్న మారింది. ఎవరు తీశారో మనకు తెలుసు. ఎప్పుడు బయటపడుతుంది, బయటపడ్డాక ఈ వీధిలో తలెత్తుకుని ఎలా తిరుగుతుంది అన్నదే కథ. మొదటి దాంట్లో ఆవిడ బాధితురాలు, ఏం చేసినా చేయకపోయినా మనం తప్పు పట్టం. ఇందులో ప్రతి అడుగూ ఆవిడే వేయాలి. జాకెట్ కుట్టించుకోవడానికి వచ్చిన మనిషి మామూలుగా "డబ్బులు ఎప్పుడిస్తున్నావక్కా?" అన్నా ఆ గదిలో గాలి బిగుసుకుంటుంది. తెలుగులో చలం 'మైదానం' ఈ దారిదే. వకీలు భార్య రాజేశ్వరి ఆమీర్ కోసం ఇల్లు విడిచి వెళ్తుంది. ఆమెను ఎవరూ వెళ్లగొట్టలేదు. అందుకే పాఠకుడు ఆమెతో వాదించకుండా ఉండలేడు, ఆ వాదన ఇన్ని దశాబ్దాలైనా ఆగలేదు.

ఇబ్బంది ఎక్కడంటే, ఇలాంటి నిర్ణయానికి ముందు మనిషి మనకు తెలియాలి. తెలియకుండా రెండో పేజీలోనే డబ్బు వాడేస్తే ఆవిడ దొంగలా కనిపిస్తుంది. తెలియజేద్దామని కూర్చుంటే మళ్లీ యాభై పేజీలు. కొత్తగా రాసేవాళ్లు ఎక్కువగా ఇక్కడే చిక్కుకుంటారు. ఆవిడ చిన్నప్పటి కష్టాలు, పెళ్లి, భర్త పోవడం అన్నీ వరసగా చెప్పుకుంటూ పోతారు. అంత అవసరం లేదు. కాలేజీ నోటీసు, ఖాళీ పాస్‌బుక్, అంతకుముందు నెల పది రూపాయలు తేడా వస్తే రాత్రి నిద్రపోకుండా లెక్క చూసుకున్న మనిషి ఈవిడే అన్న సంగతి, ఈ మూడూ చాలు.

తలుపు ఎవరో కొట్టారు, తీసింది ఆవిడ

మూడోది ఈ రెండిటి కలయిక. నేను ఓటు వేసేది దీనికే. ఈ నెల చీటీ పాడుకున్న అమ్మాయి సాయంత్రం వచ్చి, "అక్కా, ఈ డబ్బు నీ దగ్గరే ఉంచు. ఇంటికి తీసుకెళ్తే మా ఆయన చేతిలో పడుతుంది. చెల్లి పెళ్లినాటికి తీసుకుంటా" అని వెళ్లిపోతుంది. ఆవిడ అడగలేదు. ఆ అమ్మాయి నమ్మింది కాబట్టే వదిలి వెళ్లింది. నాలుగు రోజుల తర్వాత ఫీజు నోటీసు వస్తుంది. వాడుకుంటుంది. అప్పుడు ఆ అమ్మాయి భర్త గుమ్మంలోకి వచ్చి నిలబడతాడు.

ఈ రకం మన సాహిత్యానికి కొత్తేం కాదు. పెద్దన 'మనుచరిత్ర'లో ప్రవరుణ్ణి చూడండి. వచ్చిన ప్రతి అతిథినీ ఏ ఏ తీర్థాలు చూశారని అడిగి తెలుసుకుంటాడు. నిత్యం చేయాల్సిన అగ్నికార్యం వల్ల తను మాత్రం ఊరు దాటలేడు. తీర్థాలన్నీ తిరిగొచ్చిన సిద్ధుడు రావడం బయటి సంఘటన. కాళ్లకు రాసుకుంటే కోరిన చోటికి తీసుకెళ్లే పాదలేపం అడిగి పూయించుకుని హిమాలయాలకు వెళ్లడం ప్రవరుడి కోరిక. మంచుకు లేపం కరిగిపోవడం మళ్లీ అతని చేతిలో లేనిది. ఒకటి తర్వాత ఒకటి ఎంత బిగువుగా పడ్డాయో! అన్నిటికంటే ముఖ్యం, అక్కడ ప్రవరుడి బదులు ఇంకెవరైనా ఉంటే కథే లేదు. ఆ చల్లని కొండల్లో, ఎదురుగా అప్సరస వరూధిని ఉండగా, ఇంటికి పోలేకపోవడం చాలామందికి ఆపద అనిపించదు. సాయంకాలం అగ్నిహోత్రం తప్పిపోతుందని తల్లడిల్లేవాడికే అది ఆపద.

మీ సంఘటనకు కూడా ఈ పరీక్ష పెట్టండి. అదే సంఘటన పక్కింటి మనిషికి జరిగినట్టు ఊహించండి. కథ అలాగే నడిస్తే సంఘటన తప్పు. చీటీ డబ్బు దొంగతనం ఎవరింట్లో జరిగినా ఒకటే. కానీ ఆ అమ్మాయి డబ్బు వదిలి వెళ్లింది ఈవిడ దగ్గరే, ఎందుకంటే పది రూపాయల తేడాకు నిద్రపోని మనిషని వీధికంతా తెలుసు. నమ్మకం ఎవరిమీద పెట్టారో వాళ్ల చేతే పోగొట్టించాం. ఈవిడ పోలీసుల దగ్గరకు వెళ్లలేకపోవడం కూడా ఇప్పుడు పనికొచ్చింది, అది ఈవిడకు భయమైతే ఆ భర్తకు ఆయుధం. అతను స్టేషన్‌కు వెళ్తానని బెదిరిస్తే చాలు, ఇంకో వంద పేజీలు నడుస్తాయి.

సంఘటన ఎంత పెద్దదన్నది నాకు అంత ముఖ్యంగా అనిపించదు. కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు'లో ఈనబోయే పంది ఒకటి ఇంటికి రాదు, ముసలాయన వెతుక్కుంటూ అడవిలోకి వెళ్తాడు. అంతే. ఆయనకు అది చాలా పెద్దది కాబట్టి మనకూ పెద్దదవుతుంది.

ఎక్కడ పెట్టాలన్నది మాత్రం ఆలోచించాల్సిందే. రామాయణంలో కైక వరాలు అడిగేది అయోధ్యకాండలో, అంటే రెండో కాండలో. బాలకాండ మొత్తం అయ్యాక కూడా మనం విసుక్కోం, ఎందుకంటే పట్టాభిషేకం రేపనగా ఆగిపోతుంది. ఆలస్యంగా వచ్చే సంఘటన అప్పటికి అందరూ చేతికందిందనుకున్నదాన్ని లాక్కోవాలి. అలా లాక్కోవడానికి మీ కథలో ఏమీ లేకపోతే ముందుకు జరపండి. పుస్తకంగా వేసేవాళ్లకు కాస్త వెసులుబాటు ఉంది, చేతిలోకి తీసుకున్నవాళ్లు ఒక అధ్యాయమైనా ఓపిక పడతారు. ఆన్‌లైన్‌లో భాగాలుగా రాసేవాళ్లకు అదీ లేదు, మొదటి భాగం నచ్చకపోతే రెండోది తెరవరు. అక్కడ కలయిక రకం ఇంకా బాగా పనికొస్తుంది, సంఘటనను రెండు ముక్కలు చేయొచ్చు. ఆ అమ్మాయి డబ్బు చేతిలో పెట్టి వెళ్లడంతో మొదటి భాగం ఆపేస్తాను. ఫీజు కట్టడం మూడో భాగం చివర. మధ్యలో రెండో భాగమంతా ఆవిడ ఆ డబ్బును ముట్టుకోకుండా ఉండటానికి చేసిన ప్రయత్నాలు: తెలిసినవాళ్లను చేబదులు అడగడం, కమ్మలు తాకట్టు పెట్టబోవడం, గడువు పెంచమని కాలేజీలో బతిమాలడం.