క్రోమా, ఎడ్జా, ఫైర్‌ఫాక్సా: కౌంటర్ మీద ఏది మేలు, జేబులో ఏది మేలు?

ఒంగోలులో జీఎస్టీ రిటర్నులు వేసే ఆఫీసుకు, కావలిలో హాల్‌టికెట్లు ప్రింట్ తీసే నెట్ సెంటర్‌కు, ఇందుకూరుపేటలో రొయ్యల రేటు చూసుకునే రైతు ఫోనుకు ఒకే బ్రౌజర్ చాలదు. పనిని బట్టి జవాబు మారుతుంది. లెక్క ముందే చెప్పేస్తాం. డిజిటల్ సంతకం, వేలిముద్ర పనులకు ఎడ్జ్ గానీ క్రోమ్ గానీ పెట్టుకోండి. మిగతా వాడకమంతా ఫైర్‌ఫాక్స్‌కు మార్చండి. ఐఫోన్ ఉన్నవాళ్లు ఈ చర్చతో పెద్దగా బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. కారణం కింద ఉంది.

పేర్లు చాలా, ఇంజిన్లు మూడే

పేజీ కోడ్‌ను చదివి తెరమీద గీసే భాగమే బ్రౌజర్ ఇంజిన్. జనం వాడకంలో మిగిలినవి మూడు: గూగుల్ నడిపే బ్లింక్, ఆపిల్ నడిపే వెబ్‌కిట్ (సఫారీలో ఉండేది), మొజిల్లా నడిపే గెకో (ఫైర్‌ఫాక్స్‌లో ఉండేది). క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్, ఒపెరా, వివాల్డి, శాంసంగ్ ఇంటర్నెట్ అన్నిటి కిందా ఉన్నది బ్లింకే. చీమకుర్తి రాళ్లు మోసే లారీల్లాగా చాసిస్ ఒక కంపెనీది, బాడీ కట్టిన షెడ్లు వేరు. 2025లో వచ్చిన ఏఐ బ్రౌజర్లు కామెట్, అట్లాస్ కూడా ఆ చాసిస్ మీదే కట్టారు.

ఇది మొదటి నుంచీ ఇలా లేదు. ఒపెరాకు ప్రెస్టో అనే సొంత ఇంజిన్ ఉండేది. 2013లో దాన్ని వదిలేసింది. అదే ఏడాది గూగుల్ వెబ్‌కిట్ నుంచి విడిపోయి బ్లింక్ మొదలుపెట్టింది. మైక్రోసాఫ్ట్ తన ఎడ్జ్‌ను సొంత ఇంజిన్ నుంచి తప్పించి 2020 జనవరిలో క్రోమియం, అంటే బ్లింక్‌తో కలిపి క్రోమ్‌కు పునాదిగా ఉన్న కోడ్, మీదికి తెచ్చింది. క్రోమియం కోడ్ ఓపెన్ సోర్సే, ఎవరైనా తీసుకోవచ్చు. కానీ అందులోకి ఏ మార్పు వెళ్లాలన్నది ఎక్కువగా గూగుల్ ఇంజినీర్ల చేతిలో ఉంటుంది. మిగతావాళ్లు ఆ మార్పును తీసుకోవాలి, లేదా సొంత ఖర్చుతో దాన్ని వెనక్కి తిప్పుతూ ప్రతి విడుదలకూ ఆ పని మోయాలి.

ఇక్కడ కూర్చుని వాడుకునేవాడికి దీనితో ఏం పని అంటారా? యాడ్ బ్లాకర్ల సంగతి చూస్తే చాలు.

యాడ్ బ్లాకర్: తేడా కంటికి కనిపించేది ఇక్కడే

క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు, అంటే యాడ్ బ్లాకర్ లాంటి తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు, నడిచే పద్ధతిని గూగుల్ మానిఫెస్ట్ వీ3 అనే కొత్త నియమాలకు మార్చింది. పాత పద్ధతిలో బ్లాకర్ ప్రతి అభ్యర్థననూ తానే ఆపి చూసి, పంపాలో వద్దో నిర్ణయించేది. కొత్త పద్ధతిలో నియమాల జాబితాను ముందే బ్రౌజర్‌కు అప్పగించాలి, అప్పటికప్పుడు నిర్ణయించేది బ్రౌజరే. నియమాల సంఖ్యకూ హద్దు ఉంది. ఫలితంగా యూబ్లాక్ ఆరిజిన్ అనే పేరున్న బ్లాకర్ అసలు రూపం క్రోమ్‌లో 2025 నాటికి పూర్తిగా ఆగిపోయింది. దాని స్థానంలో యూబ్లాక్ ఆరిజిన్ లైట్ వచ్చింది. మామూలు ప్రకటనలకు లైట్ చాలు. మొండి సైట్లు, అంటే వీడియో మధ్యలో ప్రకటన తోసేవి, బ్లాకర్‌ను కనిపెట్టి తలుపు మూసేవి, దాన్ని తప్పించుకుంటాయి.

భద్రత, వేగం కోసమే ఈ మార్పు అని గూగుల్ మాట. ఎక్స్‌టెన్షన్ల చేతిలో అంత అధికారం ఉండటం ప్రమాదమే, అందులో కొంత నిజముంది. కానీ ప్రకటనల మీద బతికే కంపెనీ ప్రకటనలను ఆపే పరికరానికి హద్దులు గీస్తే అనుమానం రాకుండా ఎలా ఉంటుంది?

ఫైర్‌ఫాక్స్ పాత పద్ధతినీ ఉంచింది. యూబ్లాక్ ఆరిజిన్ పూర్తి రూపం అందులో నడుస్తుంది, ఆండ్రాయిడ్ ఫోన్లో కూడా. ఫోన్ క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు పెట్టుకునే వీలే లేదు. బ్రేవ్ దారి వేరు. దాని బ్లాకర్ ఎక్స్‌టెన్షన్ కాదు, బ్రౌజర్‌లోనే కలిపి కట్టారు కాబట్టి మానిఫెస్ట్ మార్పు దాన్ని తాకలేదు. ఏ సెట్టింగూ ముట్టుకోకుండా ప్రకటనలు పోవాలంటే బ్రేవే సులువు. అయితే క్రిప్టో వాలెట్, రివార్డ్స్ లాంటివి వెంట వస్తాయి, వాటిని దాచేయండి. 2020లో కొన్ని క్రిప్టో సైట్ల పేరు కొడితే తన కమిషన్ లింకును చేర్చి దొరికిపోయింది, తర్వాత సరిదిద్దుకుంది. ఇంట్లో పెద్దవాళ్ల ఫోనుకు బ్రేవ్ పెట్టడంలో మాకు అభ్యంతరం లేదు, కానీ ఇంజిన్ల లెక్కలో అది గూగుల్ వైపే చేరుతుంది.

రెండు జీబీ, మూడు జీబీ ర్యామ్ ఫోన్లలో బ్లాకర్ విలువ డేటా పొదుపుతో ఆగదు. తెలుగు వార్తల సైట్లలో పేజీ బరువులో పెద్ద భాగం ప్రకటనల స్క్రిప్టులదే. అవి రాకపోతే పేజీ కుదుపుల్లేకుండా జరుగుతుంది, వేలు తగిలి అక్కర్లేని లింకు తెరుచుకోవడం తగ్గుతుంది. "మీ ఫోన్‌లో వైరస్ ఉంది" అని భయపెట్టే పేజీల్లో చాలావరకు ఆ ప్రకటనల దారినే వస్తాయి.

కౌంటర్ పనులు: సంతకం, వేలిముద్ర

ఇక్కడ ఫైర్‌ఫాక్స్‌ను నెత్తిన పెట్టుకుంటే రోజూ తిప్పలే. తప్పు దాని ఒక్కదానిదే కాదు. సైట్లు కట్టేవాళ్లు క్రోమ్‌లో ఒక్కసారి చూసి సరిపోయిందనుకుని వదిలేస్తారు.

జీఎస్టీ పోర్టల్లో డిజిటల్ సంతకం పెట్టడానికి ఎమ్‌సైనర్ వాడతారు. అది మన కంప్యూటర్లోనే వెనక నడుస్తూ 127.0.0.1 చిరునామాలో 1585 పోర్టు (ప్రోగ్రాములు మాట్లాడుకునే తలుపు నంబరు) దగ్గర కాచుకుని ఉంటుంది. పోర్టల్ పేజీ ఆ పోర్టుతో మాట్లాడితేనే టోకెన్‌లోని (సంతకం దాచిన యూఎస్‌బీ పరికరంలోని) సర్టిఫికెట్ కనిపిస్తుంది. "ఎమ్‌సైనర్‌తో కనెక్ట్ కాలేదు" అని వస్తే ఈ వరసలో చూడండి:

1. ఎమ్‌సైనర్‌ను రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌గా తెరవాలి. గడియారం పక్కన ఐకాన్ ఉందో లేదో చూడాలి.
2. బ్రౌజర్‌లో హెచ్‌టీటీపీఎస్‌తో 127.0.0.1:1585 కొట్టాలి. భద్రత హెచ్చరిక వస్తే అడ్వాన్స్‌డ్ నొక్కి ముందుకు వెళ్లాలి. ఈ చిరునామా మన కంప్యూటర్‌దే కాబట్టి పరవాలేదు. వేరే ఏ సైట్ దగ్గరా ఈ అలవాటు వద్దు.
3. పోర్టల్ పేజీని రీలోడ్ చేసి మళ్లీ సంతకం నొక్కాలి.

రెండో మెట్టును ప్రతి బ్రౌజర్‌లోనూ విడిగా చేయాలి. ఫైర్‌ఫాక్స్‌కు సొంత సర్టిఫికెట్ల పెట్టె ఉంది, విండోస్‌లో ఒకసారి ఒప్పుకున్నది దానికి దానంతట చేరదు. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద సర్టిఫికెట్ల దగ్గర, మీరు పెట్టుకున్న రూట్ సర్టిఫికెట్లను నమ్మమనే టిక్ ఉందో లేదో చూడండి. క్రోమ్‌లో తెరుచుకున్న పోర్టల్ ఫైర్‌ఫాక్స్‌లో మొరాయించడానికి సగంసార్లు కారణం ఇదే.

వేలిముద్ర పరికరాలదీ ఇదే పద్ధతి. పరికరాన్ని పేజీతో కలిపే ఆర్‌డీ సర్వీసు అనే ప్రోగ్రాం 11100 నుంచి 11120 మధ్య ఏదో ఒక పోర్టులో నడుస్తుంది. పరికరంలో లైటు వెలిగి, ఆర్‌డీ సర్వీసు రెడీ అని చెప్పినా పేజీ మాత్రం పరికరం లేదంటుంటే ఇప్పుడు ముందు చూడాల్సింది వైరు కాదు, అనుమతి. 2025 అక్టోబరు చివర్లో వచ్చిన క్రోమ్ 142 నుంచి, బయటి సైట్ మన కంప్యూటర్లోని సర్వీసుతో మాట్లాడాలంటే ముందు అనుమతి అడుగుతుంది. హడావుడిలో బ్లాక్ నొక్కితే అంతే, వేలిముద్ర ఇక పడదు. అడ్రస్ పక్కనున్న గుర్తు నొక్కి, సైట్ సెట్టింగ్స్‌లో లోకల్ నెట్‌వర్క్ అనుమతిని అలో అని మార్చి, పేజీని రీలోడ్ చేయాలి. హెచ్‌టీటీపీఎస్ లేని పాత సైట్ అయితే అడగకుండానే ఆపేస్తుంది, అక్కడ మన చేతిలో ఏమీ లేదు. ఈ కట్టడి మంచిదే. మన రూటర్‌ను, ప్రింటర్‌ను తడిమి చూసే సైట్లకు అడ్డుపడుతుంది. కాకపోతే ఒక కంపెనీ ఒక విడుదలలో మార్చిన నియమంతో ఊరూరా కౌంటర్లు ఒక్కసారే తడబడే పరిస్థితి వచ్చిందంటే, ఇంజిన్ ఒకటే కావడం ఎంత బరువైన విషయమో ఆలోచించండి.

ఎడ్జ్ ఎందుకు? ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 2022 జూన్ 15న ముగిసింది, కానీ దానికోసమే కట్టిన ఆఫీసు సైట్లు కొన్ని మిగిలాయి. ఎడ్జ్‌లోని ఐఈ మోడ్ ఒక్కటే వాటికి దిక్కు. సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ బ్రౌజర్ కింద ఐఈ మోడ్‌లో రీలోడ్ చేయడాన్ని అలో చేసి, ఎడ్జ్‌ను ఒకసారి మూసి తెరిచి, ఆ పేజీని జాబితాలో చేర్చాలి. చేర్చినది 30 రోజులకు గడువు తీరిపోతుంది. "నిన్నటిదాకా వచ్చింది, ఇవాళ రావట్లేదేంది" అనే ఫిర్యాదుకు చాలాసార్లు జవాబు ఇదే, మళ్లీ చేర్చండి. ఈ పని లేని చోట క్రోమ్‌కూ ఎడ్జ్‌కూ మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఎడ్జ్ మొదటి పేజీలో వార్తలు, షాపింగ్ కూపన్ల గోల ఎక్కువ, ఆపేయవచ్చు.

నలుగురు వాడే కంప్యూటర్‌లో ఏ బ్రౌజర్ అయినా ఒక జాగ్రత్త తప్పదు. కస్టమర్ జీమెయిల్ తెరిస్తే క్రోమ్ ప్రొఫైల్‌లో సింక్ ఆన్ చేయనివ్వకండి. చేస్తే వాళ్ల పాస్‌వర్డ్లు మీ కంప్యూటర్‌లోకి దిగుతాయి. గెస్ట్ విండో వాడండి. ఇన్‌కాగ్నిటో మూసినప్పుడు చరిత్ర పోతుంది గానీ, సైట్ వైపు నుంచి గుర్తించడం ఆగదు. ఆ సంగతి సరిగా చెప్పలేదన్న దావాలో గూగుల్ 2024లో రాజీకి వచ్చి, పోగుచేసిన సమాచారాన్ని చెరిపేస్తానని ఒప్పుకుంది.

పాత మెషిన్లు

విండోస్ 7లో క్రోమ్ 109 దగ్గరే ఆగింది, అది 2023 జనవరి నాటిది. దానిమీద బ్యాంకు పని చేయకండి. ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్‌ఆర్‌కు (ఎక్కువకాలం సవరణలు అందే రకానికి) మాత్రం ఆ తర్వాత కూడా భద్రత సవరణలు ఇస్తూ మొజిల్లా గడువును పలుమార్లు పొడిగించింది. ఫోన్లలో ఆండ్రాయిడ్ 8, 9 వాళ్లకు క్రోమ్ 138తో ఆగిపోయింది, ఫైర్‌ఫాక్స్ కొత్తవి వాటికీ వచ్చాయి. ఇక్కడ పోటీయే లేదు.

ఐఫోన్‌లో పేరేదైనా వెబ్‌కిట్టే

మన దేశంలో ఐఫోన్ మీద క్రోమ్ పెట్టినా ఫైర్‌ఫాక్స్ పెట్టినా లోపల నడిచేది ఆపిల్ వెబ్‌కిట్. ఐరోపా సమాఖ్య చట్టం వల్ల అక్కడ 2024 మార్చి నుంచి వేరే ఇంజిన్లకు దారి తెరిచారు, మనకు ఆ వెసులుబాటు లేదు. సఫారీలోనే ఉండి యూబ్లాక్ ఆరిజిన్ లైట్ పెట్టుకోండి, 2025 నుంచి యాప్ స్టోర్‌లో ఉంది.

డబ్బు దారి

ఫైర్‌ఫాక్స్‌ను స్వతంత్ర వీరుడిగా చూపించడం మాకిష్టం లేదు. మొజిల్లా ఆదాయంలో అధిక భాగం గూగుల్ నుంచే వస్తుంది, గూగుల్ సెర్చ్‌ను ముందే పెట్టి ఉంచినందుకు. అలాంటి డిఫాల్ట్ స్థానాల కోసం గూగుల్ 2021 ఒక్క ఏడాదిలోనే 2,630 కోట్ల డాలర్లు చెల్లించినట్టు అమెరికా కోర్టు విచారణలో బయటపడింది. 2024 ఆగస్టులో ఆ కోర్టు గూగుల్‌ది అక్రమ గుత్తాధిపత్యమని తేల్చింది. 2025 సెప్టెంబరులో మాత్రం క్రోమ్‌ను అమ్మమనలేదు. ప్రత్యేక హక్కుల ఒప్పందాలు కుదరవంది, చెల్లింపులను పూర్తిగా ఆపలేదు. మొజిల్లా ఊపిరి నిలిచింది, ఆధారపడటం అలాగే ఉంది. 2025 ఫిబ్రవరిలో మొజిల్లా కొత్త షరతులు తెస్తూ తన సైట్‌లోని "మీ డేటా అమ్మం" అన్న మాటను తీసేసి వాడేవాళ్ల చేత తిట్లూ తింది.

మన దగ్గర కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో ఆండ్రాయిడ్ విషయంలో గూగుల్‌కు ₹1,337.76 కోట్ల జరిమానా వేసింది. ప్లే స్టోర్ కావాలంటే క్రోమ్ సహా యాప్‌ల కట్ట మొత్తం ఫోన్లో పెట్టాలన్న షరతు ఆ తీర్పులోని ముఖ్యాంశాల్లో ఒకటి. 2023 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ ఆ జరిమానాను నిలబెట్టింది. అయినా కొత్త ఫోన్ డబ్బా తెరిస్తే ముందు కనిపించేది క్రోమే. మార్చుకునే పని మనమే చేయాలి.

ఇన్ని లోపాలున్నా ఫైర్‌ఫాక్స్ వైపు ఎందుకంటే, వాడేవాళ్లు తగ్గిన కొద్దీ సైట్లు గెకోలో చూసుకోవడం మానేస్తాయి. అప్పుడు బ్లింక్ ఎలా గీస్తే అదే ప్రమాణమవుతుంది. 2023లో గూగుల్ వెబ్ ఎన్విరాన్‌మెంట్ ఇంటెగ్రిటీ అని ఒక ప్రతిపాదన తెచ్చింది. మన బ్రౌజర్, పరికరం నమ్మదగినవో కాదో సైట్‌కు ధ్రువపత్రం పంపే ఏర్పాటు అది. మొజిల్లా ఎదిరించింది, విమర్శలు పెరిగాయి, నవంబరులో గూగుల్ వెనక్కి తగ్గింది. చేతిలో వేరే ఇంజిన్ ఉన్నవాళ్లు కాదంటే ఆ మాటకు బరువుంటుంది.

మారే పద్ధతి

కంప్యూటర్‌లో ఫైర్‌ఫాక్స్ పెట్టగానే క్రోమ్ బుక్‌మార్కులు, పాస్‌వర్డ్లు తెచ్చుకోమని అడుగుతుంది, ఒప్పుకుంటే చాలు. పాస్‌వర్డ్లు రాకపోతే క్రోమ్ పాస్‌వర్డ్ మేనేజర్ సెట్టింగ్స్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కి సీఎస్‌వీ ఫైలు తీసుకోండి. ఫైర్‌ఫాక్స్ పాస్‌వర్డ్ పేజీలో మూడు చుక్కల దగ్గర ఫైలు నుంచి ఇంపోర్ట్ చేయండి. ఆ ఫైల్లో పాస్‌వర్డ్లన్నీ పచ్చిగా కనిపిస్తాయి కాబట్టి వెంటనే చెరిపి రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి. మెనూలు, సెట్టింగ్స్ తెలుగులో కావాలంటే భాషల దగ్గర తెలుగు ఎంచుకోవచ్చు. తెలుగు అక్షరాలు చిన్నవిగా అనిపిస్తే ఫాంట్ల అడ్వాన్స్‌డ్‌లో తెలుగుకు విడిగా ఫాంటూ సైజూ పెట్టుకోవచ్చు. క్రోమ్ సెట్టింగ్స్‌లో ఇలా భాషవారీగా లేదు.

ఫోన్లో మూడు చుక్కలు, ఎక్స్‌టెన్షన్లు, యూబ్లాక్ ఆరిజిన్, యాడ్. తర్వాత ఫోన్ సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ యాప్‌ల కింద బ్రౌజర్‌ను మార్చండి. కరెంటు బిల్లు కట్టేటప్పుడు యూపీఐ యాప్ తెరుచుకోకపోతే ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో లింకులను యాప్‌లలో తెరవమనే దాన్ని "ముందు అడుగు"కు మార్చాలి. చెల్లింపు పేజీ అప్పటికీ తిరుగుతూనే ఉంటే ఆ ఒక్క సైట్‌కు యూబ్లాక్ పవర్ గుర్తు నొక్కి ఆపి చూడండి. అప్పుడూ కాకపోతే ఆ ఒక్క పనికి క్రోమ్ తెరవండి, దాన్ని ఫోన్లోంచి తీసేయమని ఎవరూ చెప్పడం లేదు.